సోలెడు ఉలవలు

ఈ కనుమకి ఊరెళ్ళాను. మాది పల్నాడు, వినుకొండ దగ్గర మెట్ట ఊరు. తమ్ముడు తెల్లారకముందే తన షెడ్డులో పొట్టేలుని కోయించి, మా ఇంటి వాటా స్టీలు బేసిన్‌లో వేసి తెచ్చాడు. అమ్మ కత్తిపీట ముందేసుకుని ముక్కలు సరిచేస్తోంది. మధ్యలో ఒక కొవ్వు ముక్క తీసి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నలిపింది. అంత చలిలో కూడా అది గట్టిగా నిలవలేదు. వేలి వేడికే మెత్తబడి నూనెలాగా జారింది.

"దాణా పొట్టేలురా ఇది," అంది అమ్మ.

"దాణా కాక ఇంకేం పెట్టమంటావమ్మా? బీడు ఎక్కడుంది?" అన్నాడు తమ్ముడు. కోపంగా కాదు, చాలాసార్లు చెప్పిన జవాబు మళ్ళీ చెప్పినట్టు.

వాళ్ళిద్దరూ ఆ మాట అక్కడితో వదిలేశారు. అమ్మ అల్లం వెల్లుల్లి నూరుకోడానికి లేచింది, తమ్ముడు చేతులు కడుక్కుని టీ అడిగాడు. నాకు మాత్రం అమ్మ వేళ్ళ దగ్గరే మనసు ఆగిపోయింది. తాతయ్య సరిగ్గా అలాగే నలిపి చూసేవాడు. చూసి, ఆ జీవం ఎక్కడ మేసిందో, చివరి నెల ఏం తిన్నదో చెప్పేవాడు. అమ్మ కోడలిగా వచ్చి ఆయన దగ్గర నేర్చుకున్న విద్య అది. నేను అదే పని ఒక ల్యాబులో ఇరవై ఏళ్ళు చేశాను. అది తర్వాత చెప్తాను.

* * *

మా చిన్నప్పుడు సాయంత్రం అయిందంటే ఉలవలు ఉడికే వాసన. దొడ్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబట్టిన పెద్ద కుండ, కింద పత్తికంప మంట. ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వాన పడ్డ మట్టి వాసన, మాడీ మాడని పప్పు వాసన కలిస్తే కొంచెం దగ్గరికొస్తుంది. బడి నుంచి వస్తూ వీధి మలుపు తిరగగానే అది తగిలితే ఎడ్లు పొలం నుంచి వచ్చేశాయని అర్థం.

ఉలవలు ఎడ్లకి. తాతయ్యకి ఒంగోలు ఎడ్లు ఒక జత ఉండేవి. దుక్కుల రోజుల్లో వాటికి ఉడికిన ఉలవలు పెట్టకుండా ఆయన అన్నం ముందు కూర్చునేవాడు కాదు. గింజలు ఎడ్లకి పోయాక కుండలో మిగిలిన ఎర్రటి నీళ్ళు నాయనమ్మ వంటింట్లోకి తెచ్చేది. చింతపండు పులుసు, ఉల్లిపాయ, ఎండుమిర్చి తాలింపు వేసి దగ్గరగా మరిగిస్తే ఉలవచారు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో మీగడ వేసి వడ్డిస్తుంటే జనం మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకునే ఆ చారు, ఎడ్ల కోసం ఉడికించిన గింజల నీళ్ళే.

ఆ కుండలోంచే పొట్టేలుకీ ఒక వాటా ఉండేది. సంక్రాంతి దాటాక తాతయ్య గొర్రెల మామ దగ్గర ఒక పొట్టేలు పిల్లను తీసుకునేవాడు. నెల్లూరు జాతిలో జోడిపి అంటారు, ఒళ్ళంతా తెలుపు, కళ్ళ చుట్టూ మూతి దగ్గరా నల్ల మచ్చలు, పొడుగు కాళ్ళు. అలాంటి దాన్నే ఏరుకునేవాడు. అది పోలేరమ్మ కొలుపులకి. పగలంతా మందతో పాటు మేతకి పోయేది, సాయంత్రం మా దొడ్లో గుంజకి కట్టేవాళ్ళం. కొలుపులు ఇంక నలభై రోజులున్నాయనగా ఉలవలు మొదలు.

మొదటి రోజు గిద్దెడు. అంతే. నాకు ఆ పొట్టేలు మీద జాలేసేది. ఎడ్లకి తొట్టి నిండా పోసి దీనికి దోసిట్లో సగం పెట్టడమేమిటని ఒకరోజు తాతయ్య చూడకుండా ఇంకో గిద్ద తేబోయాను. ఆయన చూడనే చూశాడు.

"ఎక్కువ పెట్టబాకు అమ్మాయ్. అలవాటు లేని పొట్టకి గింజ విషం. రోజుకింత పెంచుకుంటా పోవాలి."

మూడు రోజులకో పిడికెడు చొప్పున పెంచేవాడు. సోలెడు దగ్గర ఆపేసేవాడు. సోల అంటే ఇప్పటి లెక్కలో మూడు వందల గ్రాములు ఉంటుందేమో. ఇంట్లో సోల ఇత్తడిది, అంచు ఒకచోట సొట్టబోయి ఉండేది. దాన్ని తలకొట్టి కొలవాలి తప్ప రాశి పోయకూడదు. గింజ మనుషులు తినే వస్తువు. మా ఇంట్లో పెద్దవాళ్ళు రాత్రిపూట జొన్న సంకటే తినేవాళ్ళు, ఆ జొన్నలూ ఉలవలూ ఏడాదికి సరిపడా గాదెలో ఉన్నాయా లేదా అన్నది ఇంటి పెద్ద బెంగ. ఆ గాదెలోంచి తీసి జీవానికి పెడుతున్నామంటే లెక్కగానే పెట్టాలి. తాతయ్య పిసినారి కాదు. ఆ ఇంట్లో గింజకున్న విలువ అది.

వారానికోసారి పొట్టేలు నడుం మీద చెయ్యి వేసి చూసేవాడు. పక్కటెముకలు అయిపోయిన చోట, వెన్నుపూసకి రెండు వైపులా వేళ్ళు నొక్కి. నా చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టించేవాడు. మొదట్లో ఎముకల కొసలు దువ్వెన పళ్ళలాగా తగిలేవి. నెల తిరిగేసరికి ఆ పళ్ళ మధ్య సందులు పూడిపోయి, నొక్కితే గానీ ఎముక తెలిసేది కాదు. అప్పుడు, "చాలు, ఇంతకు మించితే కొవ్వే, కండ కాదు," అనేవాడు.

* * *

ఒక ఏడాది పొట్టేలు పోయింది.

కళ్ళంలో జొన్నలు తూర్పారపట్టి రాశి పోసి ఉన్నాయి. మరుసటి రోజు బండికెత్తాలి. రాత్రి పలుపు ఎలా ఊడిందో ఊడింది, పొట్టేలు నేరుగా రాశి మీదికి పోయింది. కాపలా పడుకున్న బాబాయి తెల్లవారుజామున లేచి చూసేసరికి రాశికి ఒక పక్క గుంట. పొట్టేలు అక్కడే నిలబడి ఉంది, పక్కలు బిగిసిపోయి డప్పులాగా. పళ్ళు కొరుకుతోంది. ఆ శబ్దం నాకు ఇప్పటికీ గుర్తు, రాయి మీద రాయి పెట్టి నూరినట్టు. పేడ పల్చగా పడుతోంది, పుల్లటి వాసన. మధ్యాహ్నానికి కూలబడింది.

పశువుల ఆసుపత్రి నుంచి కాంపౌండరు సైకిల్ మీద వచ్చాడు. వంటసోడా నీళ్ళు కలిపి వెదురు గొట్టంతో నోట్లో పోశారు. తాతయ్య తల పైకెత్తి పట్టుకున్నాడు, బాబాయి గొంతు నిమిరాడు. నాయనమ్మ వాకిట్లో నిలబడి అమ్మవారికి మొక్కింది. రాత్రి గడవలేదు.

పొద్దున్నే ఇద్దరు మనుషులు వచ్చారు, తక్కువకి ఇమ్మని, పక్క ఊళ్ళో కోసి అమ్ముకుంటామని. తాతయ్య ఒప్పుకోలేదు. రోగంతో చచ్చిన జీవాన్ని ఎవరికీ పెట్టనని చెప్పి, చేలో వేపచెట్టు కింద లోతుగా గుంట తీయించి ఉప్పు వేసి పూడ్పించాడు. ఆ ఏడు కొలుపులకి మళ్ళీ పొట్టేలు కొనడానికి జొన్నలు అమ్మాల్సి వచ్చింది.

గింజ ఎందుకు విషమైందో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. గొర్రె పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటి పెద్ద అరలో కోట్లాది సూక్ష్మజీవులు ఉండి గడ్డిని పులియబెట్టి గొర్రెకి బలంగా మారుస్తాయి. గడ్డి నెమ్మదిగా పులుస్తుంది. పిండి ఉన్న గింజ ఒక్కసారిగా పడితే వేరే రకం సూక్ష్మజీవులు విపరీతంగా పెరిగి ఆమ్లం తయారవుతుంది, పొట్ట పులిసి, ఆ ఆమ్లం రక్తంలోకి ఎక్కుతుంది. అదే గింజని రెండు మూడు వారాలుగా కొంచెం కొంచెం పెంచుతూ పెడితే పొట్ట సర్దుకుంటుంది. గిద్ద నుంచి సోలకి తాతయ్య పోయిన దారి అదే.

* * *

గొర్రెల మామ మాకు చుట్టం కాదు. ఊరి పిల్లలందరికీ మామే. నల్ల గొంగడి, చేతిలో పొడుగాటి దోటి, నడుముకి సొరకాయ బుర్ర. కోతలైపోయాక రైతులు ఆయన మందని తమ చేలో కట్టించుకునేవాళ్ళు. రాత్రంతా జీవాలు ఆ చేలో పడుకుంటే వాటి పెంటికలూ మూత్రమూ నేలకి ఎరువు. ఒక్కో రాత్రికి ఇన్ని మానికల జొన్నలని మామకి కొలిచేవాళ్ళు. గింజ మామ ఇంటికి పోయేది, మంద నోటికి కాదు. మంద తినేది మిగిలింది. కోసిన జొన్నచేలో రాలిన ఆకు, పెసర పొట్టు, గట్ల మీద గరిక, బీళ్ళలో చెంగలి గడ్డి.

తొలకరి పడి జొన్న మోళ్ళు మళ్ళీ చిగురేస్తే మాత్రం మామ ఆ ఛాయలకి పోనిచ్చేవాడు కాదు. నాము తగులుతుందని భయం. ఆ లేత చిగురులో విషం ఉంటుంది, తిన్న జీవం నిలుచున్న చోటే పడిపోతుంది. ఏ చేలోకి ఏ వారం పోవాలో, ఏది తప్పించాలో ఆయన తలలో ఒక పంచాంగం ఉండేది.

ఎండాకాలంలో గడ్డి లేనప్పుడు నల్లతుమ్మ కాయలే ఆధారం. చెరువు కట్ట మీద తుమ్మచెట్ల కింద మంద తల పైకెత్తి నిలబడి ఉండేది. మామ దోటితో కొమ్మ పట్టి కుదిపితే పూసలదండ లాంటి కాయలు జలజలా రాలేవి. ఆ కాయలో మాంసకృత్తులు దండిగా ఉంటాయని నేను చదువుకున్నాక తెలిసింది. మామ "తుమ్మకాయ తిన్న పొట్టేలు నడుం చూడు" అనేవాడు, ఆయన లెక్క అది.

తుమ్మకాయలు తిన్న రోజు రాత్రి మా పొట్టేలు నెమరేస్తుంటే వినాలి. కాయలోని గట్టి గింజలు నెమరులో పైకొస్తాయి, నమలడానికి కుదరక పక్కకి ఊసేస్తుంది. టప్. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ టప్. దొడ్లో మంచాలేసుకుని పడుకుని నేనూ తమ్ముడూ ఆ చప్పుళ్ళు లెక్కపెడుతూ నిద్రపోయేవాళ్ళం. పొద్దున గుంజ చుట్టూ నున్నటి గోధుమరంగు గింజలు పరుచుకుని ఉండేవి. ఊడ్చి గట్టు మీద పోస్తే వానలకి మొలకలొచ్చేవి.

* * *

కోళ్ళు నాయనమ్మ రాజ్యం. చీకటిపడే ముందు వాకిట్లో నిలబడి "బ్బ బ్బ బ్బ" అని పిలిస్తే ఎక్కడెక్కడివో రెక్కలు సాచుకుని పరిగెత్తుకొచ్చేవి. గుప్పెడు నూకలు, కళ్ళం అడుగున మట్టితో కలిసిన జొన్నలు. అది తిండి కోసం కాదు, గూటికి రావడానికి ఇచ్చే తాయిలం. కడుపు అవి పగలంతా నింపుకునేవి, పెంటకుప్ప గీరి పురుగులు, పెరట్లో చిగుళ్ళు. పొదిగిన పిల్లలకైతే నాయనమ్మ చెదలు పట్టించేది. పాత కుండలో పేడా చొప్పముక్కలూ కూరి, తడిపి, చెద ఉన్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదపురుగులు. పిల్లల ముందు దులిపితే నిమిషంలో ఖాళీ.

గుడ్డు పగలగొట్టి చూస్తే ఏ నెలో చెప్పొచ్చు. వానాకాలంలో పచ్చిక దొరికే రోజుల్లో సొన నారింజపండులా ఉండేది. ఎండల్లో అవి నూకల మీదా జొన్నల మీదా బతికే రోజుల్లో నిమ్మపండు రంగుకి దిగిపోయేది. తెల్లజొన్నలో ఆ రంగు లేదు, పచ్చి ఆకులో ఉంది, మొక్కజొన్నలో ఉంది. కోడి తిన్న రంగే దాని సొనలోకీ చర్మం కింద కొవ్వులోకీ వస్తుంది. గొర్రె అలా కాదు, తిన్న పసుపుని ఒంట్లోనే విటమిన్ ఏ గా మార్చేసుకుంటుంది, అందుకే అది ఎంత పచ్చిక మేసినా కొవ్వు తెల్లగానే ఉంటుంది. గేదె వెన్న తెల్లగా, ఆవు వెన్న పసుపుగా ఉండటం కూడా ఈ లెక్కే. మా నాయనమ్మకి ఈ కారణాలు తెలియవు. గేదెకి పత్తిగింజలు రుబ్బి పెడితే వెన్న గట్టిగా వచ్చి నెయ్యి పూసకడుతుందని మాత్రం బాగా తెలుసు.

అల్లుడొస్తున్నాడని కబురొస్తే ముందురోజు రాత్రే ఒక కోడిని గంప కింద కమ్మేది. ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి కోసేవాళ్ళు. కట్టెల పొయ్యి మీద మట్టిదాకలో రెండు గంటలు ఉడకాలి. ముందు ఆ పసుపుపచ్చ కొవ్వు కరిగి దాక అంచు చుట్టూ ఒక గీతలాగా నిలిచేది. పెట్ట అయితే దాని కడుపులో ఇంకా పెంకు కట్టని చిన్న చిన్న సొనలు గుత్తిగా ఉండేవి. వాటి కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం.

* * *

కొలుపుల మర్నాడు పోగులు వేసేవాళ్ళు. మోదుగాకులు పరిచి, మాంసాన్ని ఇంటికో పోగు. తక్కెడ ఉండదు. పెద్దమనిషి కన్నే తక్కెడ. ప్రతి పోగులో ఇంత కండ, ఇంత ఎముక, కార్జం ముక్క, కొవ్వు ముక్క పడాలి. ఆ కొవ్వుని తాతయ్య వేళ్ళతో నలిపేవాడు. బీట్లో మేసిన జీవం కొవ్వు గట్టిగా, మైనంలా పొడిపొడిగా విరుగుతుంది. గింజ ఎక్కువైన దాని కొవ్వు మెత్తగా, జిడ్డుగా. మా పొట్టేలుది ఈ రెండింటికీ మధ్యలో ఉండాలని ఆయన పట్టుదల. నలభై రోజుల ఉలవలతో మాంసంలో ఇంత చెమ్మ వచ్చేది, మేతతో వచ్చిన వాసన పోయేది కాదు.

ఆ వాసన గురించి ఎవరికైనా ఎలా చెప్పాలి? మూత తీస్తే వీధి చివరికి తెలిసేది. మాంసం ముదురు ఎరుపు, ఎందుకంటే రోజుకి కోసుల దూరం నడిచిన కాళ్ళు అవి. పంటికి అడ్డం పడేది, నమలాలి. పులుసు మీద తేలిన నూనె చల్లారితే తెల్లటి పలకలా గడ్డకట్టేది, మర్నాడు పొద్దున నాయనమ్మ ఆ పలకతో సహా చద్దికూర వెచ్చబెట్టి జొన్నరొట్టెలో పెట్టేది.

ఏడాదికి మాంసం తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రతిసారీ ఆ జీవం ఏం తిన్నదో ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

* * *

డిగ్రీ అయ్యాక నాకు ఒక కోళ్ళ దాణా మిల్లులో ల్యాబు ఉద్యోగం వచ్చింది. హైదరాబాదు శివార్లలో. దసరా దాటితే లారీల కొద్దీ మొక్కజొన్న దిగేది, ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ వైపు నుంచి. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసి, తేమ ఎంతుందో చూడాలి. తర్వాత చీకటి గదిలో నల్ల పళ్ళెంలో పరిచి నీలం దీపం కింద పెడితే, బూజు పట్టిన గింజలు పచ్చగా మిణుకుమనేవి. అలాంటివి ఎక్కువుంటే ఆ బూజు విషం పరీక్ష కూడా చేయాలి. అది కోడిపిల్లల కాలేయాన్ని తినేస్తుంది. నేను వద్దన్న లారీ గేటు దగ్గర నుంచే వెనక్కి పోయేది. ఆ డ్రైవర్ల మొహాలు చూస్తే టెన్షన్‌గా ఉండేది, కానీ ఆ పనిలో జాలి కుదరదు.

దాణాలో సగానికి పైగా మొక్కజొన్న, పావు వంతుకి పైన సోయా చెక్క, తర్వాత నూనె, ఖనిజాలు, విటమిన్లు. ఆవిరి పట్టి గుళికలుగా బయటికొస్తుంటే వచ్చే వాసన మొదట్లో నాకు కడుపులో దేవేది. తర్వాత అలవాటైంది. 40 గ్రాముల పిల్ల 42 రోజుల్లో 2 కిలోలు దాటేది. నేను చేరినప్పుడు అందుకు 4 కిలోల దాకా దాణా పట్టేది, మానేసే నాటికి 3.5 కిలోల లోపుకి వచ్చింది. నాయనమ్మ కోడి ఆరు నెలలకి కిలోన్నర తూగితే గొప్ప. ఆ కోడి మాంసం గట్టిగా, ఈ కోడి మాంసం పావుగంటలో ఉడికేంత మెత్తగా ఉండటానికి తిండి ఒక్కటే కారణం కాదు. జాతి వేరు, వయసు వేరు, నడక లేదు. కానీ ఆ వయసుకే ఆ బరువు రావాలంటే ఆ గింజ ఉండాల్సిందే.

ఒక సీజనులో సోయా ధర బాగా పెరిగింది. మిల్లు యాజమాన్యం సోయా తగ్గించి ఎండుచేపల పొడి పెంచమంది. చివరి రెండు వారాల దాణాలో చేపల పొడి ఉండకూడదని అందరికీ తెలుసు, అయినా అందులోనూ పడింది. నెల తిరక్కుండా చికెన్ షాపుల నుంచి ఫోన్లు. కూర ఉడుకుతుంటే చేపల పులుసు వాసన వస్తోందని గిరాకీలు గొడవ చేస్తున్నారని. మా దాణా డాక్టరు గారు ఆ రోజు ల్యాబులో కూర్చుని బొమ్మ గీసి చెప్పారు. "కోడికి ఒకటే పొట్టమ్మా. ఏ కొవ్వు తింటే దాదాపు ఆ కొవ్వే ఒంట్లో దాచుకుంటుంది. గొర్రె అయితే పొట్టలోని సూక్ష్మజీవులు ఆ కొవ్వుని చాలావరకు మార్చేశాక గానీ ఒంటికి పట్టనివ్వవు."

అప్పుడు తాతయ్య కొవ్వు నలిపే వేళ్ళ గురించి ఆయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు. గింజ బాగా ఎక్కువ తిన్న గొర్రెల్లో కొవ్వు ఎందుకు మెత్తబడుతుందో వివరించారు. పొట్టలో పిండి పులిసి పుట్టే ఒక ఆమ్లం మితిమీరితే అది మామూలు కొవ్వుగా కాక, తక్కువ వేడికే కరిగే, కొమ్మల్లా చీలిన నిర్మాణం ఉన్న కొవ్వుగా తయారవుతుందట. పచ్చిక మేసిన మాంసంలో ఒమేగా 3 కొవ్వులు ఎక్కువని, అయితే చేపలతో పోలిస్తే అదీ తక్కువేనని కూడా చెప్పారు. ఉన్నది ఉన్నంతే చెప్పే మనిషి. మీ తాతగారి వేళ్ళకి ఈ సంగతి ముందే తెలుసన్నమాట, అన్నారు. ఆ మాట తాతయ్యకి చెప్పాలని ఎంత అనిపించిందో. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు.

గుడ్ల కోళ్ళ దాణాకి ఒక మూల బంతిపూల నుంచి తీసిన పొడి సంచులుండేవి. సొన పచ్చగా రావడానికి అది కలుపుతారు. తప్పేం లేదు, అది పూల రంగే. కానీ ఆ సంచి మూతి విప్పిన ప్రతిసారీ నాకు వానాకాలం పెరడూ, పచ్చిక గీరుతున్న నాయనమ్మ కోళ్ళూ కళ్ళ ముందుకొచ్చేవి.

* * *

కనుమ మధ్యాహ్నం భోజనాలయ్యాక తమ్ముడు షెడ్డు చూపించాడు. నేల నుంచి ఎత్తులో ప్లాస్టిక్ పలకల మీద ఎనభై పొట్టేళ్ళు. పెంటికలు సందుల్లోంచి కిందికి రాలిపోతాయి. శుభ్రంగా ఉంది, ఈగల్లేవు. మూడు నెలల పిల్లల్ని 14, 15 కిలోల్లో కొని, గుళికల దాణా, ఎండుగడ్డి, కొంచెం సుబాబుల్ ఆకు పెట్టి, నాలుగు నెలల్లో 30 కిలోలకి తెచ్చి అమ్ముతాడు. ఉన్నట్టుండి ప్రాణం తీసే చిటుకు రోగానికి టీకా వేయిస్తాడు, తొట్టిలో వంటసోడా కలుపుతాడు. ఆ సోడా డబ్బా చూసి నాకు గొంతు పట్టేసింది. అక్కడే ఉన్న పంపు దగ్గర మొహం కడుక్కున్నాను.

వాడు చేసేది తప్పని నేననను. మా ఊరి బీళ్ళన్నీ ఇప్పుడు మిరపా పత్తీ. వాటికి వారానికో మందు కొడతారు, ఆ గట్ల మీద జీవాన్ని మేపితే ఆ మందు దాని ఒంట్లోకి పోతుంది. చెరువు కట్ట మీద తుమ్మలు కొట్టేశారు. గొర్రెల మామ కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉన్నారు. జొన్న వేసేవాళ్ళు లేరు. నేలంతా పోయాక పొట్టేలు నోటికి గుళిక కాక ఏముంటుంది? మా పిల్లలకి ఈ మాంసమే ఇష్టం, మెత్తగా ఉంటుంది, వాసన లేదంటారు. నాకు బాధ కలిగించేది ఆ వాసన లేకపోవడమే. చెరువుగట్టూ బీడూ తుమ్మకాయా ఆ వాసనలో ఉండేవి. వాటిని ఎరగని పిల్లలు అది కంపు అనుకోవడంలో వాళ్ళ తప్పేముంది.

అయినా ఆ సాయంత్రం తమ్ముడిని కూర్చోబెట్టి అడిగాను. కొలుపులకి ఒక్కదాన్ని వేరుగా పెంచు, చివరి రెండు నెలలు గుళికలు మాన్పించు, తాతయ్య లెక్కన పెట్టు అని. వాడు మొదట లాభం లెక్క చెప్పాడు. ఒక్క పొట్టేలుకి పని ఎక్కువ, బరువు తక్కువ అన్నాడు. అమ్మ లోపలి నుంచి వింటోంది. లేచి అటక కింద స్టూలు వేయించుకుని, గోనెపట్టాలో చుట్టి దాచిన ఇత్తడి సోల దింపింది. నల్లగా కమిలిపోయింది, అంచు సొట్ట అలాగే ఉంది. చింతపండుతో తోమి వాడి ముందు పెట్టింది. వాడు దాన్ని కాసేపు చేతిలో తిప్పి చూశాడు. "ఉలవలు కిలో ఎంతున్నాయో కనుక్కోవాలి," అన్నాడు.

మొన్న పొద్దున్నే ఫోనులో వాడి దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. పక్క ఊరి చెరువు మీద ఇంకా మిగిలిన రెండు తుమ్మచెట్ల నుంచి బండి మీద ఒక బస్తా కాయలు తెచ్చాడట. ఫొటోలో పొట్టేలు లేదు. తెల్లారగట్ల టార్చిలైటు వెలుగులో గుంజ, పలుపు, చుట్టూ నేల మీద చెల్లాచెదురుగా నున్నటి గోధుమరంగు గింజలు. కింద ఒక్క ముక్క రాశాడు, "రాత్రంతా లెక్కపెట్టానక్కా."